స్కానింగ్ గదిలో చెప్పే ఆ ఒక్క మాట గురించి: వైద్య ఆరోగ్య శాఖకు, డాక్టర్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు, జిల్లా వైద్యాధికారులకు, స్కానింగ్ కేంద్రాలు నడుపుతున్న డాక్టర్లకు,

నమస్కారం.

మేము తమిళనాడు సరిహద్దుకు దగ్గర్లో ఒక పల్లెలో పొదుపు సంఘం మహిళలం. మాకు దగ్గర్లో ఉన్న ఒక స్కానింగ్ కేంద్రంలో కడుపులో ఉన్నది ఆడో మగో చెబుతున్నారని పోయిన ఏడాది పై కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. ముద్ర వేసిన రసీదు మా దగ్గర ఉంది. ఆ తర్వాత ఎవరూ రాలేదు, ఎవరూ పిలవలేదు. వెళ్లి అడిగితే ఫైలు పైకి పంపామన్నారు. పైన అడిగితే కింది నుంచి రిపోర్టు రావాలన్నారు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాం.

మా మాట చెప్పడానికి ముందు ఒక తమిళ సినిమా గురించి చెప్పాలి. 1994లో వచ్చిన 'కరుత్తమ్మ'. తీసింది భారతీరాజా. మనకు 'సీతాకోకచిలక' ఇచ్చిన దర్శకుడే. ఆయన పుట్టింది తేని దగ్గర. ఆ ప్రాంతంలోనే, మదురై జిల్లా ఉసిలంపట్టి చుట్టుపక్కల పల్లెల్లో, పుట్టిన ఆడబిడ్డను పురిట్లోనే చంపేసే ఆచారం ఉండేది. జెముడు పాలు పోసేవారు. గొంతులో వడ్ల గింజ వేసేవారు. 1986లో ఇండియా టుడే పత్రిక దీని గురించి పెద్ద కథనం వేసేదాకా బయట ప్రపంచానికి పెద్దగా తెలియదు. ఊళ్లో మాత్రం అందరికీ తెలుసు.

సినిమా కథ ఒక పేద రైతు ఇంట్లో నడుస్తుంది. ఆడపిల్లల మీద ఆడపిల్లలు పుడుతుంటే ఆ తండ్రి ఇంకొక బిడ్డను వదిలించేయమని మంత్రసానికి అప్పగిస్తాడు. ఊరి బడిపంతులు ఆ బిడ్డను కాపాడి దూరంగా పెంచుతాడు. ఆ పిల్లే డాక్టరై తిరిగి అదే ఊరికి వస్తుంది. మంచం పట్టిన ఆ తండ్రికే వైద్యం చేస్తుంది. ఇంటి దగ్గర ఉండిపోయి ఆ తండ్రికి సేవలు చేసిన కూతురు కరుత్తమ్మ. అత్తారింటికి వెళ్లిన అక్క బతుకు కూడా ఆడపిల్లను కన్నందుకే నాశనమవుతుంది. కుటుంబ సంక్షేమంపై ఉత్తమ చిత్రంగా దానికి జాతీయ అవార్డు వచ్చింది. పాట రాసిన వైరముత్తుకు, పాడిన స్వర్ణలతకు కూడా వచ్చాయి.

ఈ సినిమాను మా సంఘం సమావేశం రోజు వేసుకుని చూశాం. మాలో సగం మందికి తమిళం వచ్చు, రానివాళ్లకు పక్కవాళ్లు చెప్పారు. కాసేపటికి చెప్పాల్సిన పనే లేకపోయింది. మంత్రసాని బిడ్డను చేతిలోకి తీసుకునేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు. అయిపోయాక వెనక గోడకు ఆనుకుని కూర్చున్న ఒకామె, ఇద్దరు ఆడపిల్లల తల్లి, ఇలా అంది: "ఆ ముసలిది చేతులారా చేసింది కాబట్టి దాని పాపం దానికి తెలుసు. నాకు రెండు సార్లు తీయించారక్కా. ఎవరు చేశారంటే ఎవరి పేరు చెప్పను? ఒకాయన మిషన్‌లో చూశాడు, ఒకాయన మాట చేరవేశాడు, ఒకాయన బిళ్లలిచ్చాడు. మా అత్త గుడికి పోయొచ్చింది."

మా ఫిర్యాదు ఆ రోజే మొదలైంది. మేము మీకు చెప్పదలచుకున్నది కూడా ఆమె చెప్పిందే. ఉసిలంపట్టిలో జరిగింది కంటికి కనిపించింది. కనిపించింది కాబట్టి పత్రికలు రాశాయి, సినిమా తీశారు, ప్రభుత్వం సిగ్గుపడి కదిలింది. మన ఊళ్లలో జరిగేది తలుపు వేసిన గదిలో జరుగుతోంది. బిడ్డ ఏడుపు ఎవరికీ వినిపించదు కాబట్టి అడిగేవాళ్లు లేరు.

ఆ సినిమా వచ్చిన 1994లోనే పార్లమెంటు లింగ నిర్ధారణ నిషేధ చట్టం చేసింది. 1996 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. అంటే చట్టం లేదని ఎవరూ అనలేరు.

తమిళనాడులో ఏం జరిగిందో చూడండి. 1992లో సేలంలో 'తొట్టిల్ కుళందై', అంటే ఉయ్యాల బిడ్డ, పథకం మొదలుపెట్టారు. వద్దనుకున్న ఆడబిడ్డను చంపకుండా ఆ ఉయ్యాల్లో వదిలేయమన్నారు. 2001లో దాన్ని మదురై, తేని, దిండిగల్, ధర్మపురి జిల్లాలకు పెంచారు. బిడ్డలను వదిలేయడం అలవాటవుతుందని దాన్ని విమర్శించినవాళ్లు ఉన్నారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. కానీ సమస్య ఉందని ఒక ప్రభుత్వం ఆసుపత్రి గుమ్మంలో ఉయ్యాల కట్టి మరీ ఒప్పుకుంది. 2001 జనాభా లెక్కల్లో ఆరేళ్లలోపు ప్రతి 1000 మంది మగపిల్లలకు ధర్మపురిలో 826 మంది, సేలంలో 851 మంది ఆడపిల్లలే ఉన్నారు. 2011కి రెండు జిల్లాలూ 900 దాటాయి. రాష్ట్రం మొత్తం మీద 942 నుంచి 943. పెరిగింది ఒక్కటే, కానీ తగ్గలేదు.

ఇక మన సంగతి. అదే పదేళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 961 నుంచి 939కి పడిపోయింది. 22 తగ్గింది. దేశం మొత్తం మీద తగ్గింది 9 (927 నుంచి 918). 2001లో తమిళనాడు కన్నా మనం ఎంతో మెరుగు, 2011కి వాళ్ల కన్నా వెనక. ఉసిలంపట్టి పేరు చెప్పుకుని అయ్యో అనుకున్న మనమే ఆ పదేళ్లలో అంత దూరం జారిపోయాం. దీని మీద అలాంటి సినిమా మేము చూడలేదు, అలాంటి ఉయ్యాల కూడా మా వైపు చూడలేదు.

తమిళనాడు గెలిచేసిందని కూడా మేము అనడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అంతకు ముందు ఐదేళ్లలో పుట్టిన పిల్లల్లో, తమిళనాడు సంఖ్య 878కి వచ్చింది. తెలంగాణ 894, ఆంధ్రప్రదేశ్ 934. సర్వే అంటే కొన్ని ఇళ్లనే చూస్తారు కాబట్టి హెచ్చుతగ్గులు ఉండొచ్చు. అయినా సహజంగా 1000 మంది మగపిల్లలకు 950 మంది వరకు ఆడపిల్లలు పుట్టాల్సిన చోట ఈ అంకెలు చూసి నిద్ర ఎలా పడుతుంది? పుట్టాక చంపడం ఆగిన చోట కూడా పుట్టకముందే తీసేయడం మొదలైందని మాకు అర్థమవుతోంది. సరిహద్దులో ఉన్నాం కాబట్టి ఇది మాకు ఇంకా బాగా తెలుసు. ఇక్కడ చెప్పకపోతే అటు వెళ్తారు, అక్కడ చెప్పకపోతే ఇటు వస్తారు. 2023 చివర్లో కర్ణాటకలో మండ్య జిల్లాలో బెల్లం తయారుచేసే షెడ్డులో స్కానింగ్ మిషన్ పెట్టి నడుపుతున్న ముఠాను బెంగళూరు పోలీసులు పట్టుకున్నారు. మిషన్ ఇప్పుడు సంచిలో పట్టేంత చిన్నదయింది. దానికి ఆసుపత్రి కూడా అక్కర్లేదు.

దీనివల్ల మాలాంటి వాళ్ల ఇళ్లలో జరుగుతున్నదేమిటో రాస్తున్నాం.

1. ఆడదాని ఒళ్లు గుల్లవుతోంది. లింగం తెలిసేసరికి నాలుగో నెల వచ్చేస్తుంది. అబార్షన్ మాత్రలకు అనుమతి తొమ్మిది వారాల వరకే. నాలుగో నెల, ఐదో నెలలో అవే మాత్రలు చీటీ లేకుండా మందుల షాపులో కొని ఇంట్లో మింగిస్తున్నారు. రక్తం ఆగకపోతే ఆర్‌ఎంపీ దగ్గరికి, ఆయన చేతులెత్తేశాక పెద్దాసుపత్రికి. అక్కడ "దానంతటదే పోయింది" అని చెప్పమని దారిలోనే నేర్పిస్తారు. నిజం చెప్పకపోతే డాక్టరు సరైన వైద్యం ఎలా చేస్తారు? నిజం చెబితే కాపురం ఉండదు. ఆ మంచం మీద పడుకున్న మనిషి టెన్షన్ ఎవరికి చెప్పుకోవాలి? తర్వాత నెలల తరబడి రక్తం లేక, కూలికి పోలేక, పిల్లల్ని చూసుకోలేక ఉన్నవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. కొందరికి మళ్లీ నెల తప్పనే లేదు. అప్పుడు గొడ్రాలనే మాట కూడా ఆమెకే.

2. ఇంట్లో ఉన్న ఆడపిల్లలకు అన్నీ తెలుస్తాయి. అమ్మను ఎందుకు తీసుకెళ్లారో ఏడేళ్ల పిల్లకు అర్థమవుతుంది. తనలాంటి పిల్ల ఇంకొకటి వద్దనుకున్నారని తెలిసిన పిల్ల ఆ ఇంట్లో ఎలా పెరగాలి?

3. ఖర్చు. స్కానింగ్‌కు ఒక రేటు, మాట చెప్పడానికి ఒక రేటు, మధ్యవర్తికి ఒక రేటు. సంఘంలో గొర్రెలకనో కుట్టుమిషన్‌కనో తీసుకున్న అప్పు ఇలా పోయిన సందర్భాలు మా పుస్తకాల్లో ఉన్నాయి. ఆ వాయిదాలు ఇంకా కడుతున్నారు.

4. నిజంగా అబార్షన్ అవసరమైన ఆడవాళ్లు నలిగిపోతున్నారు. 1971లో చేసిన చట్టం ప్రకారం, అందులోని షరతులకు లోబడి అబార్షన్ చట్టబద్ధం. నేరం లింగం చూసి తీయించడం. ఈ తేడా చెప్పాల్సింది పోయి, కేసుల భయంతో కొన్ని ఆసుపత్రుల్లో అసలు ఏ అబార్షన్‌కూ రావద్దంటున్నారు. బలవంతానికి గురైన అమ్మాయి, ఒంట్లో బాగాలేని తల్లి, వీళ్లంతా మళ్లీ ఆ ఆర్‌ఎంపీ దగ్గరికే పోతున్నారు. మా ఫిర్యాదును అడ్డం పెట్టుకుని ఆడవాళ్లకు వైద్యం ఆపేయొద్దని చేతులు జోడించి అడుగుతున్నాం.

5. పెళ్లి సంబంధాల దగ్గర ఇప్పటికే తేడా కనిపిస్తోంది. అబ్బాయికి ముప్పై దాటినా పిల్ల దొరకడం లేదని ఊరూరా వింటున్నాం. పిల్లలు తక్కువైతే వాళ్లకు విలువ పెరుగుతుందని కొందరు మగవాళ్లు ధైర్యంగా అంటున్నారు. మేము చూస్తున్నది వేరు. చదువు మాన్పించి తొందరగా ముడిపెట్టేస్తున్నారు, కాపలా ఎక్కువైంది. కట్నం ఒక్క రూపాయి తగ్గలేదు.

కట్నం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఇది పేదరికం వల్లే అనుకుంటే పొరపాటు. ఉసిలంపట్టి వైపు వైగై ఆనకట్ట నీళ్లు వచ్చి డబ్బు పంటలు పెరిగాక కట్నాలు పెరిగాయని, వాటితో పాటే ఈ చావులూ పెరిగాయని అక్కడ పరిశోధన చేసినవాళ్లు చెప్పారు. మన దగ్గర కూడా కారు దిగి స్కానింగ్‌కు వచ్చేవాళ్లే ఎక్కువ అడుగుతున్నారు.

డాక్టర్లకు ఒక మాట.

మీలో ఎక్కువ మంది ఈ పని చేయరు. మాకు తెలుసు. మా ఏఎన్‌ఎం మమ్మల్ని పంపే పక్క ఊరి డాక్టరమ్మ, అత్తగారు ఎంత బతిమాలినా "బిడ్డ ఆరోగ్యంగా ఉంది" అని తప్ప ఇంకో మాట అనదు. కానీ చేసేవాళ్లు ఎవరో కూడా మీకు తెలుసు. ఒకే ఊళ్లో ప్రాక్టీసు చేస్తారు, ఒకే సంఘంలో సభ్యులు. వాళ్లు ఆడో మగో అని నేరుగా నోటితో చెప్పరు. రిపోర్టు ఇస్తూ "స్వీట్లు పంచండి" అంటారు, లేదా "అమ్మవారికి మొక్కుకోండి" అంటారు. మేము ఫిర్యాదు చేసిన చోట "ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు" అనే బోర్డు చట్టం చెప్పినట్టే ఉంది. దాని ముందు మందుల కంపెనీ క్యాలెండర్ వేలాడుతోంది. కింద తాగేనీళ్ల క్యాన్లు పేర్చి ఉన్నాయి. 'నేరం' అన్న మాట చదవాలంటే క్యాన్ పక్కకు జరపాలి.

ప్రతి స్కానింగ్ వివరాలు రాయాల్సిన ఫారం-ఎఫ్ నింపడం గుమస్తా పని అని, చిన్న పొరపాటుకు మమ్మల్ని నేరస్థుల్ని చేస్తున్నారని డాక్టర్ల సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2019 మేలో కోర్టు ఒప్పుకోలేదు. కడుపులో బిడ్డ ఎవరికీ కనిపించదు. ఎవరికి, ఎందుకు, ఎన్నో నెలలో స్కాన్ చేశారనే ఆ కాగితం తప్ప వేరే సాక్ష్యం లేదు. ఆ కాగితాన్ని నిజాయితీగా నింపే డాక్టరుకు అది భారం కావచ్చు. ఆ భారం మా ఆడవాళ్లు మోస్తున్న దానితో పోల్చి చూడమని మాత్రం అడుగుతాం. కరుత్తమ్మ కథలో చావు తప్పించుకున్న పిల్ల డాక్టరై వచ్చింది. మీ కాలేజీల్లో ఇప్పుడు చదువుతున్న అమ్మాయిల్లో, వద్దనుకున్నా పుట్టినవాళ్లు ఎంతమందో ఒకసారి అడిగి చూడండి.

అధికారులను మేము కోరేవి ఇవి. కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నదే చాలు.

1. మా ఫిర్యాదు మీద ఏం చేశారో రాతపూర్వకంగా చెప్పండి. తనిఖీ చేస్తే ఎప్పుడు, చేయకపోతే ఎందుకు చేయలేదు. ఫిర్యాదు చేసినవాళ్ల పేర్లు ఆ కేంద్రం చెవిన పడకుండా చూడండి. మాలో ఇద్దరి ఇళ్లకు ఇప్పటికే "మీకెందుకమ్మా" అంటూ మనుషులు వచ్చారు. మా పేర్లు వాళ్లకు ఎలా తెలిశాయో కూడా విచారించండి.

2. ప్రతి స్కానింగ్ కేంద్రం తర్వాతి నెల 5వ తేదీలోపు రిపోర్టు పంపాలని నిబంధన ఉంది. ఆ రిపోర్టులు వస్తే ఎవరు చదువుతున్నారు? స్కానింగ్ చేయించుకున్నవాళ్ల వివరాలను పీహెచ్‌సీలో ఉన్న గర్భిణుల రిజిస్టర్‌తో, కాన్పుల లెక్కతో కలిపి చూడండి. నాలుగైదు నెలల మధ్య పేర్లు ఎక్కడ మాయమవుతున్నాయో ఒక్క రోజులో తెలిసిపోతుంది. ముఖ్యంగా ముందు ఇద్దరూ ఆడపిల్లలే ఉన్న తల్లుల విషయంలో. అయితే ఈ పని ఆ తల్లిని దోషిలా నిలబెట్టడానికి కాకూడదు. చట్టం కూడా ఆమెను భర్తో బంధువులో బలవంతపెట్టారనే భావిస్తుంది. ఆశా కార్యకర్తను పోలీసులా ఇంటికి పంపకండి.

3. మండలాల వారీగా ప్రతి నెలా ఎంతమంది ఆడపిల్లలు, ఎంతమంది మగపిల్లలు పుట్టారో పంచాయతీ బోర్డు మీద రాయించండి. జనన నమోదులో ఆ లెక్క మీ దగ్గర ఉంది. పోయిన జనాభా లెక్కలు 2011వి, మళ్లీ లెక్కించేది 2027లో. పదహారేళ్లు ఒక అంకె కోసం ఎదురుచూస్తూ కూర్చోలేం.

4. ఈ చట్టం కింద వేసే సలహా కమిటీ రెండు సమావేశాల మధ్య 60 రోజులకు మించి ఎడం ఉండకూడదు. మా వైపు కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో, అందులో ఉన్న మహిళా సంఘాల ప్రతినిధులు ఎవరో బయటపెట్టండి.

5. సరిహద్దు జిల్లాల్లో తమిళనాడు, కర్ణాటక అధికారులతో కలిసి తనిఖీలు చేయండి. అమ్ముడైన ప్రతి మిషన్ ఏ చిరునామాలో ఉందో రెండు వైపులా లెక్క ఉండాలి.

6. నేరం రుజువైన డాక్టరు పేరును మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్ నుంచి మొదటిసారి ఐదేళ్లు, మళ్లీ చేస్తే శాశ్వతంగా తొలగించాలని చట్టంలో ఉంది. మొదటి నేరానికి మూడేళ్ల వరకు జైలు కూడా ఉంది. ఇన్నేళ్లలో మన రెండు రాష్ట్రాల్లో అలా ఎంతమంది పేర్లు తొలగించారో ప్రకటించండి. స్కానింగ్ కేంద్రానికి సీలు వేసి, వారం తర్వాత తీసేస్తే చాలదు.

7. ప్రచారానికి పెట్టే డబ్బు కొంత తగ్గించి తనిఖీ చేసే మనుషులను వేయండి. కేంద్ర ప్రభుత్వ పథకం బేటీ బచావో బేటీ పఢావో కింద 2016-19 మధ్య ఇచ్చిన నిధుల్లో దాదాపు 79 శాతం ప్రచారానికే ఖర్చయిందని పార్లమెంటు కమిటీయే చెప్పింది. మా ఊరి బస్టాండులో ఆ పోస్టర్ ఉంది, చాలా బాగుంది. తనిఖీకి వచ్చిన జీపును మాత్రం మేము చూడలేదు.

ఈ చట్టంలో 28వ సెక్షన్ ప్రకారం, అధికారులు కదలకపోతే 15 రోజుల ముందు నోటీసు ఇచ్చి ఎవరైనా నేరుగా కోర్టుకు వెళ్లొచ్చు. మా సంఘం తీర్మానం చేసి, సభ్యులందరి సంతకాలతో ఆ నోటీసు వేరుగా రిజిస్టర్డ్ పోస్టులో పంపింది. మీరే కేసు పెడితే మాకు కోర్టు ఖర్చు తప్పుతుంది, అంతకన్నా మేము కోరేది లేదు. పెట్టకపోతే, నోటీసు అందిన పదహారో రోజు మెజిస్ట్రేట్ కోర్టులో మా ఫిర్యాదు దాఖలవుతుంది. అందులో మా దగ్గరున్న రసీదు, ఆ బోర్డు ఫోటో, ముందుకొచ్చి చెబుతానన్న తల్లి వాంగ్మూలం ఉంటాయి.

ఇట్లు,
ఒక గ్రామ సమాఖ్య మహిళలు